పార్టీ వెబ్‌సైట్‌లో మనం చూడాల్సిన పేజీ ఏది?

ఏ పార్టీ వెబ్‌సైట్ ఓపెన్ చేసినా ముందు కనిపించేవేంటి? సభ్యులుగా చేరండి, విరాళం ఇవ్వండి, మా పోస్టులు షేర్ చేయండి. ఇవన్నీ పార్టీకి మన నుంచి కావాల్సినవి. మరి పార్టీని మనం ప్రశ్నించడానికి పనికొచ్చేది అక్కడ ఏమైనా ఉందా? ఉంది.

2020 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఒక ఆర్డర్ ఇచ్చింది. పెండింగ్ క్రిమినల్ కేసులున్న వ్యక్తికి టికెట్ ఇస్తే, ఆ కేసుల వివరాలు పార్టీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. కేసులు లేనివాళ్లను కాదని ఈయన్నే ఎందుకు ఎంచుకున్నారో కూడా రాయాలి. 'గెలుస్తాడు కాబట్టి' అంటే కుదరదు. అర్హతలు, చేసిన పనులు చూపించాలి.

2021 ఆగస్టులో కోర్టు ఇంకో మాట చెప్పింది. అభ్యర్థిని ఎంపిక చేసిన 48 గంటల్లో ఈ సమాచారం పెట్టాలి, అదీ హోమ్ పేజీలోనే కనబడాలి అంది. బీహార్ ఎన్నికల్లో పాత ఆర్డర్ పాటించని కొన్ని పార్టీలకు లక్ష, రెండు పార్టీలకు 5 లక్షల చొప్పున జరిమానా కూడా వేసింది.

ఇప్పుడు మనం చేయాల్సిందేంటి? మన నియోజకవర్గం అభ్యర్థి పేరు వెతకండి. పార్టీ చెప్పిన కారణం చదవండి. అందరికీ ఒకే కారణం కాపీ పేస్ట్ చేశారా? ప్రచారానికి వచ్చినప్పుడు అదే అడగండి. ఎన్నికల సంఘం దగ్గరున్న అభ్యర్థి అఫిడవిట్‌తో పోల్చి చూడండి.

ఒక్కటి గుర్తుంచుకోండి, కేసు ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. కానీ తెలుసుకుని ఓటెయ్యడం వేరు, తెలియక వెయ్యడం వేరు.