బయ్యారం ఉక్కుకు గూడ్సు బండి ఎటునుంచి రావాలి?

బయ్యారం పేరెత్తితే చాలు, గుట్టల కింద ఇనుము ఎంతుందన్న దగ్గరే వాదన మొదలై అక్కడే ఆగిపోతుంది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలు, అప్పటి ఖమ్మం జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో ఆరు నెలల్లో పరిశీలించమని ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌కు చెప్పింది. కట్టి తీరాలన్న షరతు అందులో లేదు. సభల్లో ఆ ముక్క ఎవరూ ఎత్తరు. 2016లో బయ్యారం మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. కర్మాగారం మాత్రం రాలేదు. ఖనిజంలో నాణ్యత లేదు, గిట్టుబాటు కాదన్నది కేంద్రం మాట.

ఆ మాటలో నిజమెంతో తెలియాలంటే లెక్క కట్టి చూడాలి. మంచి ఖనిజమైతే టన్ను ఉక్కుకు సుమారు టన్నున్నర ఖనిజం, ముప్పావు టన్ను కోకింగ్ బొగ్గు పడతాయి. ఏడాదికి 30 లక్షల టన్నుల కర్మాగారం అనుకుందాం. గూడ్సు రేకు ఒకటి దాదాపు 4,000 టన్నులు మోస్తుంది. ఖనిజానికి రోజూ మూడు రేకులు, బొగ్గుకు రేకున్నర, తయారైన ఉక్కు బయటికి పోవడానికి రెండు కావాలి. ఇవన్నీ మూడో లైను వేయాల్సి వచ్చినంత రద్దీ ఉన్న కాజీపేట–విజయవాడ మార్గంలో సందు చూసుకుని నడవాలి.

మరి గుట్ట పక్కనే ఉండగా ఖనిజానికి రైలెందుకు? ఇక్కడి రాయిలో ఇనుము పాలు తక్కువ, సిలికా ఎక్కువ. 40 శాతం ఇనుమున్న రాయే దొరికిందనుకున్నా, తరుగు తీయకుండానే ఏడాదికి 75 లక్షల టన్నులు తవ్వాలి. దాన్ని పిండి చేసి, నీళ్ళతో కడిగి, ఇనుమును వేరు చేయాలి. మిగిలిన బురద కొండంత పేరుకుంటుంది, దాన్ని ఎక్కడ పోస్తారు? నీళ్ళు ఎవరి వాటాలోంచి తెస్తారు? గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు కింద ఈనాటికీ పొలాలున్నాయి.

బొగ్గుదీ అదే తీరు. పొరుగునే ఇల్లెందు, సింగరేణికి పుట్టినిల్లు. అయితే ఆ బొగ్గు కరెంటుకు పనికొస్తుంది గానీ కొలిమికి కావలసిన కోక్ దాంతో రాదు. కోకింగ్ బొగ్గు ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో దిగాలి. విశాఖ ఉక్కుకు సొంత ఇనుప గనులు లేకపోయినా గంగవరం రేవు పక్కనే ఉంది, బయ్యారానికి సముద్రం దూరం.

ఇక మేలిరకం ఖనిజం. 65 శాతం దాకా ఇనుమున్న బైలడీలా కొండలు దంతేవాడలో ఉన్నాయి. గీత గీస్తే బయ్యారానికి రెండు వందల కిలోమీటర్ల లోపే. కానీ కిరండూల్ నుంచి పట్టాలు తూర్పుకు, విశాఖకు పోయాయి. కొత్తవలస దాకానే 445 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి విజయవాడ మీదుగా బయ్యారం దగ్గరి డోర్నకల్ చేరేసరికి 900 దాటుతుంది. పైగా బైలడీలా గనులు తవ్వే ఎన్‌ఎండీసీ నగర్నార్‌లో కట్టిన ఉక్కు కర్మాగారం 2023లో మొదలైంది, ఆ ఖనిజానికి గని దగ్గరే గిరాకీ పుట్టింది.

నా లెక్కలో ఇక్కడ చూడాల్సింది మరో రెండు లైన్ల సంగతి. మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా 173 కిలోమీటర్ల కొత్త మార్గానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. కిరండూల్ మార్గం మీది జయపూర్ నుంచి మల్కన్‌గిరి లైను కూడా పూర్తయితే బైలడీలా ఖనిజం విజయవాడ తిరగకుండానే మణుగూరు–డోర్నకల్ పట్టాలెక్కగలదు. ఉక్కు కావాలనే నాయకులు ముందు అడగాల్సింది ఈ రెండు లైన్ల గడువు, టన్ను ఖనిజానికి పడే రైలు కిరాయి.