గింజ చచ్చిందా, మట్టి చంపిందా?

నారుమడిలో మొలకలు పలచగా వస్తే మన రైతు నోట ముందు వచ్చే మాట "విత్తనం చచ్చుది" అని. ఒక్కోసారి అది నిజమే. నాసిరకం విత్తనం అంటగట్టేవాళ్లు లేకపోలేదు. కాని ప్రతిసారీ నేరం విత్తనానిదే అనుకుంటే, మరో పొట్లం కొని అదే మడిలో చల్లి రెండోసారి నష్టపోతాం. ఈలోగా అదును కూడా దాటిపోతుంది.

ఇక్కడ రెండు సంగతులు విడదీసి చూడాలి. మొలకెత్తడం వేరు, మట్టిని చీల్చుకుని పైకి రావడం వేరు. మన దేశపు విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం టొమాటోలో కనీసం 70 శాతం, మిరపలో 60 శాతం, బెండలో 65 శాతం గింజలు మొలకెత్తాలి. అయితే ఈ లెక్క లాబొరేటరీలో, తగిన తడీ తగిన వేడీ యిచ్చి కట్టిన లెక్క. అక్కడ వడగాలి లేదు, జడివాన లేదు. పొలంలో అన్నీ వున్నాయి.

గింజకు ముఖ్యంగా కావలసినవి మూడు: తడి, గాలి, వెచ్చదనం. మొదటి రెండూ ఒకే యింట్లో కాపురం వుండాలి. మట్టి రేణువుల మధ్య వుండే సందులే ఆ యిల్లు. సందులన్నీ నీటితో నిండిపోతే గాలికి చోటుండదు. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. కనుక నీరు నిలిచిన నల్లరేగడి మడిలో గింజ ఊపిరాడక చస్తుంది. మడిని జానెడు ఎత్తు చేసి, చుట్టూ కాలువ తీయమని పెద్దలు చెప్పేది అందుకే.

ఇక వెచ్చదనం. మిరప గింజ 25 నుంచి 30 డిగ్రీల వేడిలో వారం, పది రోజులకు పైకి వస్తుంది. మట్టి 15 డిగ్రీలకు చల్లబడితే మూడు వారాలు దాటినా ఆశ్చర్యం లేదు. అన్నాళ్లు చల్లటి తడిలో వున్న గింజను పిథియం వంటి సూక్ష్మజీవులు పట్టుకుంటాయి. కొన్ని గింజలు మట్టిలోనే కుళ్లిపోతాయి. కొన్ని పైకి వచ్చాక మొదలు దగ్గర మెత్తబడి పడిపోతాయి. మనవాళ్లు నారుకుళ్లు అనేది దీన్నే.

ఎర్ర చల్కా నేలల బాధ వేరు. విత్తాక ఒక పెద్ద వాన కొట్టి, వెంటనే ఎండ కాస్తే పైన అట్టలా గట్టిపడుతుంది. టొమాటో, మిరప, బెండ మొలకలు మెడ వంచుకుని, ఆ మెడతో మట్టిని నెట్టుకుంటూ, బీజదళాలను వెనక లాక్కుంటూ వస్తాయి. గ్రాముకు సుమారు 300 తూగే టొమాటో గింజలో ఎంత బలం వుంటుంది చెప్పండి? లోతుగా పడినా అంతే, దాచుకున్న తిండి దారిలోనే అయిపోతుంది. అందుచేత టొమాటో, మిరప గింజలపై సెంటీమీటరు మందాన మట్టి చాలు. బాగా చివికిన పశువుల ఎరువు కలిపితే మట్టి గుల్లబారుతుంది. పైన పలచగా గడ్డి కప్పితే వాన దెబ్బ తగలదు. మొలక కనబడగానే ఆ గడ్డి తీసెయ్యాలి సుమా!

పైకి వచ్చాక కూడా మట్టి పెత్తనం పోదు. చౌడు నేలలో ఉప్పు వల్ల, పక్కన నీరున్నా వేరు తాగలేదు. చల్లటి నేలలో వేరు భాస్వరం సరిగా తీసుకోలేదు. అప్పుడు టొమాటో ఆకుల అడుగు ఊదారంగు తిరుగుతుంది. ఈమధ్య కొబ్బరిపొట్టు నింపిన ట్రేలలో నారు పెంచుతున్నారు. అందులో మాయేం లేదు. తడీ గాలీ పొత్తు కుదిరేలా మనిషి చేసుకున్న మట్టి అది.

మరి నేరం ఎవరిదో తేల్చడమెలా? విత్తే ముందే పొట్లంలోంచి నూరు గింజలు లెక్కపెట్టి, తడిగుడ్డలో చుట్టి, ఆరకుండా వెచ్చటి చోట వుంచండి. మిరపకైతే రెండు వారాలు చూడండి. గుడ్డలో ఎనభై మొలిచి, మడిలో ముప్ఫయ్యే వస్తే తప్పు చాలావరకు మట్టిదే, మడి బాగుచేసుకోండి. గుడ్డలోనే ముప్ఫయి దాటకపోతే విత్తనాన్ని అనుమానించండి. బిల్లూ, పొట్లం మీది చీటీ, మిగిలిన గింజలూ పట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరకు వెళ్లండి. పాత గుడ్డపేలిక పాటి ఖర్చుతో రైతుకు ఒక సాక్ష్యం దొరుకుతుంది. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు సైన్సు విద్యార్థులమైన మనం యింట్లో చేసి చూపించదగ్గ ప్రయోగం యిది.