కొట్టుకునే గుండెకు నిండు బొమ్మ

ఒక కాగితాన్ని శనగల పొట్లంలా చుట్టి, కొసను కొద్దిగా కత్తిరించండి. గరాటు తయారవుతుంది. దాని కొసన ఉన్న రంధ్రం ఎంత పెద్దదో కొలవాలనుకోండి. సరిగ్గా కొస దగ్గర అడ్డంగా కోసి చూస్తే అసలు కొలత వస్తుంది. కాస్త పైన కోసినా, ఏటవాలుగా కోసినా రంధ్రం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. గుండె వైద్యులకు చాలాకాలం ఎదురైన చిక్కు ఇటువంటిదే.

మన గుండెలో ఎడమ కర్ణికకూ, ఎడమ జఠరికకూ మధ్య రెండు రెక్కల తలుపు వంటి ద్విపత్ర కవాటం ఉంది. దీనినే మిట్రల్ కవాటం అంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఇది తెరుచుకున్నప్పుడు దారి వైశాల్యం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పికి తగిన మందు వాడకపోతే, కొందరు పిల్లల్లో అది రుమాటిక్ జ్వరానికి దారితీస్తుంది. 5 నుంచి 15 ఏళ్ల వయసులో ఈ ప్రమాదం ఎక్కువ. ఆ జ్వరం కవాటాన్ని దెబ్బతీస్తే, ఏళ్లు గడిచేకొద్దీ రెక్కల అంచులు అతుక్కుపోయి కవాటం గరాటులా మారుతుంది. దారి 1.5 చదరపు సెంటీమీటర్లకు తగ్గితే జబ్బు తీవ్రమైనదని లెక్క. రక్తనాళం గుండా బెలూన్ పంపి దారిని వెడల్పు చేయాలా, వద్దా అనేది నిర్ణయించడంలో ఈ కొలత ఎంతో ముఖ్యం.

గుండెను కోయకుండా లోపలి దారిని కొలవడం ఎలా? ధ్వనితో! మనం 20,000 హెర్ట్జ్‌ల పౌనఃపున్యం వరకే వినగలం. గుండె పరీక్షలో సాధారణంగా 20 లక్షల నుంచి 50 లక్షల హెర్ట్జ్‌ల అతిధ్వనులను వాడతారు. ఛాతీపై ఆనించిన సాధనంలోని స్ఫటికాలు ధ్వనిని లోపలికి పంపి, గుండె గోడల నుంచీ, కవాటాల నుంచీ తిరిగివచ్చే ప్రతిధ్వనులను పట్టుకుంటాయి. ప్రతిధ్వని ఎంత ఆలస్యంగా వస్తే ఆ భాగం అంత లోతున ఉన్నట్టు.

ఈ పద్ధతికి ఆద్యులు స్వీడన్‌లోని లుండ్ నగరానికి చెందిన వైద్యుడు ఇంగె ఎడ్లర్, భౌతిక శాస్త్రవేత్త హెల్ముత్ హెర్ట్జ్. ఇంటిపేరు ఎక్కడో విన్నట్టుందా? పౌనఃపున్యపు కొలమానానికి పేరిచ్చిన హైన్రిచ్ హెర్ట్జ్, ఈయన తండ్రికి స్వయానా పెదనాన్న! లోహాల్లో పగుళ్లు కనిపెట్టే యంత్రంతో వారు 1953లో గుండె కదలికలను నమోదు చేశారు. ఎడ్లర్ ముఖ్యంగా తెలుసుకోదలచింది మిట్రల్ కవాటం సంగతే. అప్పుడు కనిపించింది ఒక్క గీత వెంబడి జరిగే కదలిక మాత్రమే. తరువాత అనేక గీతలను పక్కపక్కన పేర్చి, గుండెను నిలువునా కోసినట్టు చూపే చదును బొమ్మ వచ్చింది. కాని గరాటును ఎక్కడ కోస్తున్నామన్న చిక్కు అలాగే మిగిలింది.

అయితే పొడవు, వెడల్పు, లోతు మూడూ ఉన్న నిండు బొమ్మ తీస్తే సరిపోదా? ఇక్కడ ధ్వని వేగమే అడ్డు వస్తుంది. చిన్న లెక్క వేద్దాం. శరీర కణజాలంలో ధ్వని సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోతుంది. 15 సెంటీమీటర్ల లోతుకు వెళ్లి రావాలంటే 30 సెంటీమీటర్ల ప్రయాణం. అంటే సెకనుకు సుమారు 5,000 సార్లు మాత్రమే ధ్వనిని పంపి, వినగలం. ఒక్కో విడతకు ఒక్కో గీత వస్తుంది. చదును బొమ్మకు 100 గీతలు చాలనుకుంటే సెకనుకు 50 బొమ్మలు వస్తాయి. నిండు బొమ్మకు అటువంటి పొరలు 100 కావాలి. మొత్తం 10,000 గీతలు! ఒక్క బొమ్మకే 2 సెకన్లు పడుతుంది. ఆలోగా గుండె రెండుసార్లు కొట్టుకుంటుంది.

ధ్వనిని తొందరపెట్టలేం. అందుకని శాస్త్రజ్ఞులు వినే పద్ధతిని మార్చారు. వెడల్పాటి ధ్వనిపుంజాన్ని ఒకసారి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనుల నుంచి అనేక గీతలను ఒకేసారి లెక్కగట్టారు. ఒక్క విడతకు 16 గీతలు రాబడితే సెకనుకు 8 నిండు బొమ్మలు వస్తాయి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఓలాఫ్ వాన్ రామ్, స్టీఫెన్ స్మిత్ బృందం ఇలా పనిచేసే యంత్రాన్ని 1991లో వివరించింది.

మరో సమస్య స్ఫటికాలది. చదును బొమ్మకు ఒక వరుస స్ఫటికాలు చాలు. నిండు బొమ్మకు చదరంగపు బల్లలా నిలువు వరుసలూ, అడ్డు వరుసలూ కావాలి. 2002లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన సాధనంలో సుమారు 3,000 స్ఫటికపు ముక్కలున్నాయి. ఒక్కో ముక్కకు ఒక్కో తీగ వేసి యంత్రం దాకా లాగితే ఆ కట్టను మోయడమే కష్టం! అందుకే చేతిలో పట్టుకునే పిడిలోనే ఎలక్ట్రానిక్ చిప్‌లను అమర్చి, సంకేతాలను అక్కడే కూడి, తక్కువ తీగల్లో పంపారు.

ఇంకో ఉపాయం కూడా ఉంది. నాలుగైదు గుండె స్పందనలలో ముక్కలు ముక్కలుగా బొమ్మలు తీసి, ఈసీజీ సాయంతో సమయం చూసి అతకడం. అప్పుడు రోగి ఊపిరి బిగబట్టాలి. గుండె లయ తప్పితే మాత్రం, పూలు కలవకుండా కుట్టిన దుప్పటిలా అతుకులు కనిపిస్తాయి. మిట్రల్ కవాటం ఇరుకైనవారిలో లయ తప్పడం తరచుగా జరిగేదే. ఒకే స్పందనలో గుండె మొత్తాన్ని పట్టగల యంత్రాలు అందుకే అవసరమయ్యాయి. ఇవి ఇప్పుడు వాడుకలో ఉన్నాయి.

నిండు బొమ్మ చేతికి వచ్చాక వైద్యులు దానిని తెరపై ఎటైనా తిప్పి, గరాటు కొస ఎక్కడుందో చూసి, సరిగ్గా అక్కడే కోసి కొలవగలరు. అయితే నిండు బొమ్మలు సెకనుకు తక్కువగా వస్తాయి, పదునూ కొంత తగ్గుతుంది. అందువల్ల చదును బొమ్మకు ఇప్పటికీ పని తప్పలేదు. రెండూ కలిసే వైద్యునికి దారి చూపుతాయి.

ఇక మీకొక లెక్క. పసిపిల్లల గుండెను చూడడానికి 10 సెంటీమీటర్ల లోతు చాలనుకుందాం. ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు పంపి వినవచ్చు? 7,700 వచ్చిందా? అయితే లోతు తగ్గినకొద్దీ బొమ్మలు ఎందుకు వేగంగా వస్తాయో మీరే చెప్పగలరు!