మోరియా ద్వీపపు చెట్టునత్త

వానలు పడగానే పెరటిగోడపై ప్రాకు నత్తను జూచి ముఖము చిట్లింపని గృహిణి యుండదు. తోటకూర మళ్ళను కొఱికివేయు జీవిపై దయ గలుగుట కష్టమే. కొందఱు ఉప్పు చల్లుదురు, మేమును చల్లితిమి. నత్తలన్నియు నొక్కటే యని తలచియుంటిమి. పసిఫిక్ మహాసముద్రములో తాహితికి చేరువనున్న మోరియా ద్వీపపు నత్త వృత్తాంతము దెలిసిన పిదప ఆ తలంపు మాఱినది. దానినే సోదరీమణులకు విన్నవించుచున్నాము.

దీనిపేరు పార్ట్యులా తోహివేనా. మోరియాలో దప్ప మఱెచ్చటను పుట్టినది గాదు. వ్రేలిగోరును మించని యీ ప్రాణి మొప్పలు లేక గాలినే పీల్చి బ్రదుకును. చెట్ల యాకుల నంటిపెట్టుకొని యుండును. పైరుల జోలికి బోదు; కుళ్ళిన యాకులను, పాచిని దినును. నత్తలలో పెక్కు గ్రుడ్లు పెట్టగా, ఇది చిఱుగుల్లతోడి పిల్లనే కనును. అదియును కాన్పునకు సాధారణముగా నొక్కటియే. ఆడుదనము, మగతనము ఒక్క దేహముననే యుండుటచే నీ జాతిలో తల్లి కానిదే లేదు! దీని జ్ఞాతులైన నత్తల గుల్లలను ఆ ద్వీపముల స్త్రీలు హారములుగా గ్రుచ్చుకొనెడివారు.

ఇట్టి సాధుజీవికి కీడు మూడుటకు కారణము మఱియొక నత్త. ఆఫ్రికా దేశపు పెద్దనత్తను 1967లో తాహితికి గొనివచ్చిరి. (1847లో మారిషస్ నుండి కలకత్తాకు జేరి, నేటికిని మన తోటలను పీడించుచున్నదియు నీ జాతియే.) అది యచ్చటి తోటలను పాడుచేయసాగెను. దాని నణచుటకై ఫ్లారిడానుండి మాంసాహారియైన తోడేలునత్తను దెప్పించి, 1977లో మోరియాలో విడిచిరి. ఎలుకల బాధకు పిల్లిని దెచ్చినట్లని వారి యూహ కాబోలు. వచ్చినదియో, జిగురుచాఱను పసిగట్టి వెంటాడి చెట్టునత్తలను మ్రింగదొడగెను. ఏడాదికి కొలదిపిల్లలను గను జాతి యెట్లు నిలువగలదు? పదేండ్లలో మోరియా యడవులలో తోహివేనా కానరాకపోయెను.

అయినను ప్రకృతిశాస్త్రజ్ఞులు అంతకుమున్నే కొన్నిటిని బట్టి తెచ్చియుండిరి. బ్రిటను, అమెరికాలలోని జంతుప్రదర్శనశాలలలో వానిని చిన్నపెట్టెలలో నుంచి, తేమయారకుండ జూచుచు, మెత్తని యాహారమును స్వయముగా గలిపి పెట్టుచు పెంచిరి. పసిబిడ్డ నొక్కపూట యేమఱిన నేమగునో యెఱిగిన మనకు, ముప్పదియేండ్లకు పైబడిన యా సేవ యెట్టిదో చెప్పనక్కఱలేదు. అందును తఱములు గడచినవి. కొన్ని జ్ఞాతిజాతులు పెట్టెలలోనే అంతరించినవి. పార్ట్యులా టర్గిడా యను జాతిలో కడపటిది 1996లో లండనులో మరణించెను.

తోహివేనాను మాత్రము పుట్టినింటికి బంపగలిగిరి. మోరియాలో విడుచునపుడు ప్రతిదాని గుల్లమీద ఎఱ్ఱరంగు చుక్క పెట్టిరి, మరల గుర్తింపవలెనుగదా! అంతట అడవిలో చుక్కలేని పెద్దనత్తలు కనబడెను. అవి యచ్చటనే పుట్టి పెరిగినవి. దానిపై 2024లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు తోహివేనా పేరును, అడవులలో నశించినవాని పట్టికనుండి దీసి, మిక్కిలి యపాయములో నున్నవాని పట్టికలో జేర్చిరి.