సూరత్ పాఠం: పర్యావరణానికి వేసే ఓటు వృథాయేనా?

సూరత్: గెలిచే అవకాశం లేని చిన్న పార్టీకి ఓటు వేస్తే అది వృథా అవుతుందన్న వాదన ప్రతి ఎన్నికల్లోనూ వినిపించేదే. పర్యావరణ పరిరక్షణే ప్రధాన లక్ష్యంగా గల చిన్న పార్టీల విషయంలో ఈ మాట మరింత గట్టిగా వినిపిస్తుంది. అయితే వస్త్ర, వజ్ర పరిశ్రమలకు పేరొందిన సూరత్ నగర అనుభవాన్ని పరిశీలిస్తే ఈ వాదనను పునరాలోచించక తప్పదు.

1994 సెప్టెంబరులో వరదల అనంతరం ప్లేగు భయం ఈ నగరాన్ని కుదిపివేసిన సంగతి విదితమే. యాభై మందికి పైగా మరణించగా, లక్షలాది మంది నగరాన్ని వదలి వెళ్లారు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు అధికారాలను జోన్లకు వికేంద్రీకరించి, అధికారులను ప్రతి రోజూ వీధుల్లోకి పంపారు. స్వల్పకాలంలోనే సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాల సరసన చేరింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి ప్రథమ స్థానం పొందింది.

ఇది ఘనవిజయమే. కాని ఈ మార్పు ఓటరు కోరి తెచ్చుకున్నది కాదన్నది గమనార్హం. దానికి విపత్తు కారణమైతే, ఒక అధికారి పట్టుదల తోడైంది. వీధులు శుభ్రపడినంత మాత్రాన ముప్పు తొలగలేదు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి భారీగా విడుదలైన నీటితో తాపీ నది పొంగి నగరంలో అత్యధిక భాగం మునిగిపోయింది. 2022 జనవరిలో సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరు రసాయన వ్యర్థాలను అక్రమంగా కాలువలోకి వదలగా, వెలువడిన విషవాయువుకు ఆరుగురు కార్మికులు బలయ్యారు.

పరిశ్రమల పొగను అదుపు చేయడానికి 2019లో ఇక్కడే ధూళి ఉద్గారాల వాణిజ్య పథకం ప్రారంభమైంది. ఈ తరహా పథకం ప్రపంచంలో ఇదే మొదటిది. అయినా నదీతీరంలో నిర్మాణాలు, వ్యర్థాల శుద్ధి, కార్మికుల భద్రత వంటి అంశాలు అధికారుల చొరవకే పరిమితమైతే, వారు బదిలీ అయినప్పుడు వాటి గతి ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ అంశాలకు రాజకీయ బలం చేకూర్చగలిగేది ఓటు మాత్రమే.

దీనికి విదేశాల్లో నిదర్శనాలు ఉన్నాయి. జర్మనీలో 1980లో ఏర్పడిన గ్రీన్ పార్టీ 1983లో 5.6 శాతం ఓట్లతో పార్లమెంటులో ప్రవేశించి, 1998లో ప్రభుత్వ భాగస్వామి అయింది. అయితే అక్కడ ఓట్ల నిష్పత్తిని బట్టి సీట్లు లభిస్తాయి. మన పద్ధతికి దగ్గరగా ఉన్నది బ్రిటన్. అక్కడ 1989 ఐరోపా పార్లమెంటు ఎన్నికల్లో గ్రీన్ పార్టీకి దాదాపు 15 శాతం ఓట్లు వచ్చినా ఒక్క సీటూ దక్కలేదు. కాని అన్ని ఓట్లను ప్రధాన పార్టీలు విస్మరించలేకపోయాయి. మరుసటి ఏడాదే ప్రభుత్వం పర్యావరణంపై శ్వేతపత్రం వెలువరించింది.

మన దేశంలో చిన్న పార్టీలకు అవరోధాలు తక్కువేమీ కాదు. పోలైన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్టు గల్లంతవుతుంది. అయినా స్థానిక ఎన్నికల్లో అవకాశం ఉందని సూరత్ నిరూపించింది. 2021 నగరపాలక ఎన్నికల్లో 120 స్థానాలకు గాను ఆమ్ ఆద్మీ పార్టీ 27 గెలిచి, కాంగ్రెస్‌ను సున్నాకు నెట్టి ప్రతిపక్ష స్థానాన్ని ఆక్రమించింది. అనంతరం వారిలో పలువురు బిజెపిలో చేరడం చిన్న పార్టీల బలహీనతకు నిదర్శనం.

2024 లోక్‌సభ ఎన్నికల్లో పరిస్థితి పూర్తిగా భిన్నం. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురై, మిగిలినవారు ఉపసంహరించుకోవడంతో బిజెపి అభ్యర్థి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. సూరత్ ఓటరుకు 'నోటా' మీట నొక్కే అవకాశం కూడా లేకపోయింది.

తెలంగాణ నుంచి వలసవెళ్లి ఇక్కడి మరమగ్గాలపై బతుకుతున్న తెలుగు కుటుంబాలకు ఇది పరాయి సమస్య కాదు. స్వస్థలంలోనే ఓటు ఉన్నవారికి తాము పీల్చే గాలిపై మాట చెప్పే వీలే లేదు. వీలున్నవారు చిన్న పార్టీకి వేసే ఓటు అధికారాన్ని మార్చకపోవచ్చు. గెలిచిన పార్టీ మరుసటి ఎన్నికల్లో దేనికి జవాబు చెప్పుకోవాలో మాత్రం అది నిర్ణయించగలదు.