ఖాళీగా తిరిగి రాని గిన్నె



ఉగాది నాటికి మన కణేకల్ వైపు నల్లరేగడి చేలల్లో శనగ కోత అయిపోయి ఉంటుంది. కొత్త చింతపండు చేతికి వస్తుంది. చెరువు అడుగంటినా వేపచెట్టు మాత్రం పూస్తుంది, దాని వేళ్లు లోతుకు పోతాయి గనుక. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలనుకునే సీమలో పండుగ వంట వేరేగా ఎలా ఉంటుంది? ఆ నెలలో దొరికేదే విస్తట్లోకి వస్తుంది. శనగబేడలు ఉడికించి, బెల్లం కలిపి రుబ్బి, ఆ పూర్ణంతో ఓళిగలు చేస్తారు. బేడలు ఉడికిన కట్టును పారబోయరు, దానితో చారు కాస్తారు. పక్కనే బళ్లారి గనుక చాలా ఇళ్లలో కన్నడవారి వలెనే వేపపూత, బెల్లం, ఈ రెండే కలిపి చేతిలో పెడతారు.

పొయ్యి దగ్గర పని ముగియగానే పిల్లల చేతికి గిన్నె వచ్చేది. "పక్కింటి అవ్వకు ఇచ్చి రా" అనేవారు. ఆ గిన్నె మోసినవారిలో నేనూ ఒకడిని. దారిలో ఒక ఓళిగ తగ్గేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. గిన్నెను వట్టిగా తిరిగి పంపకూడదన్నది నియమం. ఏమీ లేకపోతే చిటికెడు చక్కెర, ఒక బెల్లం ముక్క. మల్లెలు పూసే రోజులు గనుక కొందరు మూరెడు పూలు పెట్టి పంపేవారు. మా ఇంటి గిన్నె క్రిస్మస్‌కు బయలుదేరేది, వారిది ఉగాదికి.

ఇది మన ఒక్కరి ఆచారం కాదు. ఉత్తరాఖండ్ కొండల్లో చైత్రం మొదటి రోజున, అంటే మార్చి నడుమ, పిల్లలు వేకువనే పూలు కోసి ఇంటింటి గడప మీద ఉంచుతారు. ఇంటివారు వారికి బియ్యం, బెల్లం ఇస్తారు. దానిని ఫూల్‌దేయి అంటారు. అమెరికాలో మే 1న పూలూ మిఠాయిలూ ఉన్న చిన్న బుట్టను పొరుగువారి తలుపుకు తగిలించి, తట్టి, పిల్లలు పరుగెత్తి దాక్కునేవారు. లూయిసా మే ఆల్కాట్ 1880 నాటి నవలలో ఆ బుట్టల ముచ్చట ఉంది. ఎస్తేరు గ్రంథము 9వ అధ్యాయము చదివినవారికి పూరీము పండుగ తెలుసు. అదారు నెల 14, 15 తేదీలలో స్నేహితులకు వంటకాలూ, బీదలకు కానుకలూ పంపాలి. ఈ రెండో మాటను గమనించండి. పొరుగువారికి పెట్టి బీదవానిని మరచితే ఆ పండుగ సగమే.

మన గిన్నె అక్కడే తడబడింది. అది వీధి వెంట తిరిగింది గాని, చాలా ఊళ్లలో మాలవాడ, మాదిగవాడ మొదట్లోనే ఆగిపోయింది. ఇచ్చినా దొడ్డిదారిన, దూరం నుండి ఇచ్చారు. వండినదానికి అంటు ఉన్నది, బియ్యానికి, పప్పుకు అంత లేదు. "పాత రోజులే మంచివి" అనేవారితో నేను పూర్తిగా ఏకీభవించలేనిది ఇందుకే.

ఇప్పుడు ఆ గిన్నె వీధిలో కూడా తిరగడం తగ్గింది. మిఠాయి డబ్బాలను నిందించేవారు ఉన్నారు. అసలు కారణం తాళం కప్పలని నాకు తోస్తుంది. వేరుశనగ దెబ్బతిన్న ఏళ్లలో మన వాళ్లు బెంగుళూరుకు కట్టడం పనులకు పోతారు. పండుగకు కొందరే వస్తారు. ఉత్తరాఖండ్ సంగతీ ఇంతే. 2018లో వెలువడిన ఆ రాష్ట్ర వలసల కమిషన్ నివేదిక 2011 తరువాత 734 ఊళ్లు ఖాళీ అయ్యాయని లెక్క చెప్పింది. గడపలు ఉన్నాయి, పూలు పెట్టే పిల్లలు లేరు.

పాత్రలు మారిపోకుండా వెనుక అడుగున పేరు చెక్కించేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. మా వంటింటి అరలో ఒక స్టీలు గిన్నె ఉంది. దాని మీద ఉన్నది మా పేరు కాదు. ఆ ఇంటివారు ఒక ఉగాది తరువాత వెళ్లిపోయారు. మా అమ్మ దానిని వాడనిచ్చేది కాదు. వారు వచ్చి అడిగితే వట్టిది ఇవ్వకూడదని, అందులో ఒక బెల్లం అచ్చు వేసి, చీమలు పట్టకుండా మూత పెట్టి ఉంచింది.