క్షీణిస్తూ ఉబ్బే కేంద్రకం

క్షీణించడమంటే తెలుగులో కృశించడం, తరిగిపోవడం. ఈ అర్థానికి లొంగని అరుదైన వ్యాధి ఒకటి మస్తిష్క కాండంలో కలుగుతుంది. అక్కడ నాడీకణాలు క్షీణించేకొద్దీ వాటికి నెలవైన కేంద్రకం ఉబ్బుతుంది. వైద్యులు దీనిని హైపర్‌ట్రోఫిక్ ఆలివరీ డీజెనరేషన్ అంటారు.

వెన్నుపాముకు ఎగువన ఉండే మజ్జాముఖానికి ఇరువైపులా చిన్న ఉబ్బెత్తులు రెండున్నాయి. ఆలివ్ పండును పోలినందున వాటికా పేరు వచ్చింది. ఆ పండు ఎరుగనివారు ఈతకాయను తలచుకొంటే చాలు. శరీర కదలికలకు పొందిక కూర్చే అనుమస్తిష్కానికి సంకేతాలను పంపడం వీటి లోపలి కేంద్రకాల పని. మధ్యమెదడులోని ఎర్రకేంద్రకం, అదే పక్కనున్న ఆలివ్, ఎదుటి పక్క అనుమస్తిష్కంలోని దంతకేంద్రకం, ఈ మూడింటినీ కలిపే నాడీమార్గాన్ని 1931లో ఫ్రెంచి వైద్యులు గిలెన్, మొలారేలు త్రిభుజంగా వర్ణించారు.

దంతకేంద్రకం నుంచి బయలుదేరిన తంతువులు ఆవలి పక్కకు దాటి, ఎర్రకేంద్రకం చెంతగా దిగి, ఆలివ్‌ను చేరి దానిని అదుపులో ఉంచుతాయి. పాన్స్‌లో రక్తస్రావమైనా, అనుమస్తిష్కపు కణితిని తొలగించే శస్త్రచికిత్సలో గాయమైనా ఆ మార్గం తెగిపోవచ్చు. ఆలివ్‌కు దెబ్బ తగలదు. దానిపై అదుపు మాత్రమే తొలగుతుంది. అదుపు తప్పిన నాడీకణాలు ఉబ్బుతాయి, వాటిలో బుడగల వంటి ఖాళీలేర్పడతాయి, చుట్టూ ఉన్న ఆధారకణాలు పెరుగుతాయి. ఇరుగుపొరుగు కణాలు నేరుగా ముడిపడి ఉన్నందున అన్నీ ఒకే లయలో స్పందించసాగుతాయి. ఆ లయే మెత్తని అంగిలిలో సెకనుకు ఒకటి నుంచి మూడుసార్లు అదురుగా బయటపడుతుంది. నిద్రలోనూ ఇది సాధారణంగా ఆగదు. కొందరికి కనుగుడ్లు కూడా ఊగి, పుస్తకంలోని అక్షరం నిలకడగా కనిపించదు.

ఎం.ఆర్.ఐ.లో టి-2 అనే రకపు చిత్రం నీటి అంశం అధికమైన కణజాలాన్ని తెల్లగా చూపుతుంది. గాయమైన నెల రోజుల తరువాత ఆలివ్ అందులో తెల్లబడుతుంది. సుమారు ఆరు నెలలకు ఉబ్బు స్పష్టమవుతుంది. మూడు నాలుగేళ్లకు ఉబ్బు తగ్గి, ఆలివ్ కుంచించుకుపోయినా తెలుపు మాత్రం ఏళ్ల తరబడి మిగలవచ్చు.

రక్తస్రావం నుంచి కోలుకొంటున్న రోగి చిత్రంలో కొత్తగా తెల్లని ఉబ్బు కనిపిస్తే కణితి అనో, మరొక పక్షవాతమనో శంకించడం సహజం. కాని మజ్జాముఖం శ్వాసను, గుండె లయను నియంత్రించే చోటు. అక్కడ పరీక్షకై ముక్క తీయడం ప్రాణాపాయకరం. అందుచేత అనుభవజ్ఞుడైన వైద్యుడు ముందుగా త్రిభుజంలో పాత గాయం కోసం వెదకుతాడు. గాయం పాన్స్‌లో ఉంటే అదే పక్క ఆలివ్, అనుమస్తిష్కంలో ఉంటే ఎదుటి పక్క ఆలివ్ మారి ఉండాలి. పైగా సిరలోకి ఎక్కించిన గాడోలినియం మందుతో అనేక కణితులు మెరుస్తాయి; ఈ ఉబ్బు మెరవదు.

కనుగుడ్ల ఊపును గాబాపెంటిన్, మెమాంటిన్ అనే మందులు కొందరిలో తగ్గిస్తాయి. అంగిలి అదురు మాత్రం ఆలివ్ కుంచించుకుపోయిన తరువాత కూడా తరచుగా కొనసాగుతూనే ఉంటుంది.